కాథలిక్ ఐర్లాండ్ స్వలింగ వివాహానికి ఎలా ఓటేసింది? మతం పోయిందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉద్యోగం మీద కొత్తగా డబ్లిన్ వచ్చారు. మీ మేనేజర్ వచ్చే నెల తన పార్ట్‌నర్‌ని పెళ్లి చేసుకుంటున్నారు, ఇద్దరూ మగవాళ్లే, మిమ్మల్నీ పిలిచారు. వాళ్లమ్మగారు రోజూ చర్చిలో పూజకు వెళ్లే మనిషి. 1993 దాకా ఈ దేశంలో మగవాళ్ల మధ్య సంబంధం నేరమని, 1995 దాకా విడాకులు కూడా లేవని చదివారు. అలాంటి దేశం 2015లో స్వలింగ వివాహానికి ఓటేసి ఒప్పుకోవడం ఎలా సాధ్యమైంది, మతం పోయిందా, అంతకుముందు ఇలాంటివాళ్లు ఇక్కడ లేరా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మతం పోలేదు. 2011 జనాభా లెక్కల్లో 84 శాతం మంది తాము కాథలిక్కులమనే రాయించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత 62 శాతం మంది 'అవును' అని ఓటేశారు. కాథలిక్కులు పెద్ద సంఖ్యలో ఓటేయకుండా ఆ అంకె రాదు. స్వలింగ ప్రేమికులు ఇక్కడ ఎప్పుడూ ఉన్నారు, కాకపోతే వాళ్ల గురించి ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఆ మౌనాన్ని కొద్దిమంది 1970లలో బద్దలుకొట్టడం మొదలుపెట్టారు. చట్టం మారడానికి ఇరవై ఏళ్లు, పెళ్లి హక్కుకు ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది. అందరూ 2015 గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు మలుపులు 1983లో, 1993లో ఉన్నాయి.

నేను డబ్లిన్‌లో ఒక పబ్లిక్ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. పాత పత్రికలు, మైక్రోఫిల్ములు, వీధుల డైరెక్టరీలు వెతికిపెట్టడమే నా పని. మాది గుంటూరు వైపు కాథలిక్ కుటుంబం. దివ్యపూజ, పాపసంకీర్తనం, గురువుగారి (చర్చి ఫాదర్) మాటకు ఇంట్లో ఉండే విలువ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే ఈ దేశ చరిత్రలో ఈ అధ్యాయం నాకు పరాయి సంగతిగా ఎప్పుడూ అనిపించలేదు.

ముందు చట్టం సంగతి. చాలామంది ఐరిష్‌వాళ్లు కూడా దీన్ని చర్చి పెట్టిన చట్టమనుకుంటారు. అది లండన్‌లో తయారైంది. 1861లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం మగవాళ్ల మధ్య సంభోగానికి యావజ్జీవ శిక్ష దాకా వేయొచ్చు. 1885లో దానికి ఇంకో సెక్షన్ తోడైంది. దాని కింద మగవాళ్ల మధ్య ఏ రకమైన శారీరక సంబంధానికైనా రెండేళ్ల దాకా కఠిన శిక్ష. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన మన 377వ సెక్షన్ కూడా ఆ కాలపు సరుకే. 1860లో అదే ప్రభుత్వం మనకు రాసిపెట్టిన శిక్షాస్మృతి నుంచి వచ్చింది. డబ్లిన్‌లో పుట్టిన ఆస్కార్ వైల్డ్‌ని 1895లో లండన్‌లో జైలుకు పంపింది ఆ 1885 సెక్షన్ కిందే.

1922లో ఐర్లాండ్ స్వతంత్రం తెచ్చుకున్నాక బ్రిటిష్‌వాళ్ల గుర్తులు చాలా చెరిపేశారు. పోస్టు డబ్బాలకు ఎరుపు పోయి ఆకుపచ్చ రంగు వచ్చింది. ఈ చట్టాలను మాత్రం అక్షరం మార్చకుండా ఉంచుకున్నారు. చర్చి పాత్ర ఇక్కడ మొదలవుతుంది. బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు దాదాపు అన్నీ చర్చి చేతుల్లోనే. 1935లో గర్భనిరోధకాల అమ్మకం నిషేధించారు. 1937 రాజ్యాంగంలో విడాకులు నిషేధించి, కాథలిక్ చర్చికి 'ప్రత్యేక స్థానం' రాశారు. ఆ వాక్యాన్ని 1972లో ప్రజలు ఓటేసి తీసేశారు గానీ, ఆచరణలో ఆ స్థానం ఇంకో ఇరవై ఏళ్లు చెక్కుచెదరలేదు.

ఆ రోజుల్లో పల్లెటూళ్లో గే అబ్బాయికి ఉన్న దారులు నాలుగు. పెళ్లి చేసుకుని నోరు మూసుకోవడం, సెమినరీలో చేరడం, పెళ్లి మాటెత్తకుండా తల్లితోపాటు పొలం చూసుకుంటూ ముసలివాడు కావడం, లేదంటే లండన్ పడవెక్కడం. నాలుగోదాన్ని ఎంచుకున్నవాళ్లు ఎందరో. మా విభాగానికి వంశవృక్షాలు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు "మా చిన్నాన్న ఒకాయన లండన్ వెళ్లి ఇక రాలేదు, ఇంట్లో ఆయన పేరెత్తేవారు కాదు" అనడం తరచూ వింటాను. ఆ చిన్నాన్నలందరూ గే అని నేననను. కొందరి సంగతి మాత్రం దొరికిన ఉత్తరాల్లో, ఫొటోల వెనక రాతల్లో తెలిసిపోతుంది.

ఆడవాళ్ల మీద ఈ చట్టం లేదు. అలాగని వాళ్ల బతుకు సులువుగా ఏమీ లేదు, వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు అంతే. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటు చివర్లో లొంగుబాటు కబురు మోసిన నర్సు ఎలిజబెత్ ఒఫారెల్, ఆమెతోపాటు ఆ తిరుగుబాటులో ఉన్న జూలియా గ్రెనన్ జీవితమంతా కలిసే ఉన్నారు. గ్లాస్‌నెవిన్ శ్మశానంలో ఒకే సమాధిలో ఉన్నారు. 1919లో పేద పిల్లల కోసం సెయింట్ అల్టన్స్ ఆసుపత్రి పెట్టిన డాక్టర్ కాథ్లీన్ లిన్, మాడెలీన్ ఫ్రెంచ్-ముల్లెన్ కూడా అంతే. చరిత్రకారులు చాలామంది ఇప్పుడు వీళ్లను జంటలుగానే చూస్తున్నారు. బడి పుస్తకాల్లో మాత్రం చాలాకాలం 'స్నేహితురాళ్లు' అని కూడా రాయలేదు. పక్కన ఇంకొకరు ఉన్నారన్న మాటే లేదు.

రోజర్ కేస్‌మెంట్ కథ ఇంకా కష్టమైనది. కాంగోలో, అమెజాన్ అడవుల్లో రబ్బరు కంపెనీల దారుణాలను బయటపెట్టిన మనిషి ఆయన. ఐర్లాండ్ తిరుగుబాటుకు జర్మనీ నుంచి ఆయుధాలు తెప్పించబోయి పట్టుబడ్డాడు. మరణశిక్ష తగ్గించమని పెద్దపెద్దవాళ్లు అర్జీ పెడుతుంటే, మగవాళ్లతో తన సంబంధాల గురించి ఆయన డైరీలో రాసుకున్న పేజీలను బ్రిటిష్ ప్రభుత్వం గుట్టుగా అందరికీ చూపించింది. సానుభూతి ఆగిపోయింది. 1916 ఆగస్టు 3న ఉరితీశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఐర్లాండ్‌లో ఆయన అభిమానులు "ఆ డైరీలు దొంగవి, మా వీరుడు అలాంటివాడు కాదు" అని పోట్లాడారు. దేశం కోసం చచ్చిపోయిన మనిషిని ఉన్నవాడు ఉన్నట్టుగా ఒప్పుకోవడానికి సొంత దేశానికే మనసు రాలేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతుల్లో ఇదొకటి.

ఒక్క మినహాయింపు చెప్పాలి. 1928లో గేట్ థియేటర్ పెట్టిన మిహాల్ మాక్ లియమోర్, హిల్టన్ ఎడ్వర్డ్స్ జంటగా ఒకే ఇంట్లో బతికారు, డబ్లిన్ అందరికీ తెలుసు. 1978లో మాక్ లియమోర్ చనిపోతే దేశాధ్యక్షుడు అంత్యక్రియలకు వచ్చారు. అప్పటికి చట్టం ప్రకారం వాళ్లిద్దరూ నేరస్థులే. కళాకారులకు, డబ్బున్నవాళ్లకు చూసీచూడనట్టు ఊరుకోవడం ఒకటి, హక్కు ఒకటి. బస్సు కండక్టర్‌కి ఆ సౌకర్యం లేదు.

ఇక 1970లు. ట్రినిటీ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్ డేవిడ్ నోరిస్, ఇంకొందరు కలిసి సంఘాలు పెట్టారు. 1974లో ఒక టెలిఫోన్ హెల్ప్‌లైన్ మొదలైంది. 1979 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగ రోజున, డబ్లిన్ టెంపుల్ బార్‌ ప్రాంతంలోని ఫౌన్స్ వీధిలో గే, లెస్బియన్ల కోసం హిర్ష్‌ఫెల్డ్ సెంటర్ తెరిచారు. డిస్కో, సినిమా గది, కాఫీ, యువత గ్రూపు, సలహాలు అన్నీ అక్కడే. అదే ఏడాది సెప్టెంబరులో పోప్ రెండో జాన్ పాల్ వస్తే ఫీనిక్స్ పార్కులో పది లక్షలకు పైగా జనం చేరారు. ఈ రెండూ ఒకే ఊళ్లో ఒకే ఏడాది జరిగాయి. అప్పటి ఐర్లాండ్‌ని అర్థం చేసుకోవాలంటే రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూడాలి.

నోరిస్ 1977లో చట్టం మీద కేసు వేశారు. ఆ ఉద్యమానికి న్యాయసలహాదారుగా ఉన్నది మేరీ మెకలీస్ అనే యువ లా ప్రొఫెసర్. ఆమె తర్వాత ఆ బాధ్యత తీసుకున్నది న్యాయవాది మేరీ రాబిన్సన్. ఆ ఇద్దరూ తర్వాత ఒకరి వెనక ఒకరు దేశాధ్యక్షులయ్యారు. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

1983 ఎందుకు ముఖ్యమంటున్నానో చెబుతాను. 1982 జనవరిలో చార్లెస్ సెల్ఫ్ అనే టీవీ సెట్ డిజైనర్‌ని ఆయన ఇంట్లోనే పొడిచి చంపారు. హంతకుడు దొరకలేదు. దర్యాప్తు పేరుతో పోలీసులు వందల మంది గే మగవాళ్లను పిలిపించి ఫొటోలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఎవరితో తిరుగుతారు, ఇంట్లో తెలుసా అని అడిగారు. అదే ఏడాది సెప్టెంబరులో ఎయిర్‌పోర్టులో పనిచేసే డెక్లన్ ఫ్లిన్ అనే 31 ఏళ్ల మనిషిని ఫెయిర్‌వ్యూ పార్కులో ఐదుగురు కుర్రాళ్లు కొట్టి చంపారు. తప్పు ఒప్పుకున్నారు. 1983 మార్చిలో జడ్జి వాళ్లందరికీ శిక్ష వాయిదా వేసి ఇళ్లకు పంపేశాడు. ఆ శిక్ష కింద ఒక్కరు కూడా జైలుకు వెళ్లలేదు.

రిటైరై ఊరికి తిరిగొచ్చిన ఒక పెద్దాయన ఆ నెల పత్రికలు కావాలని మా విభాగానికి వచ్చారు. మైక్రోఫిల్మ్ రీలు నేనే ఎక్కించి ఇచ్చాను. తీర్పు వార్త వచ్చిన పేజీ దగ్గర చక్రం తిప్పడం ఆపేశారు. ఆ పేజీలో తక్కినవన్నీ మామూలు సంగతులే, ధరలు, ప్రకటనలు. చాలాసేపు చదివారు. అప్పుడాయన లండన్‌లో ఉన్నారట. తిరిగి రావడానికి డబ్బు కూడబెట్టుకుంటూ ఉండగా ఎవరో ఈ పత్రిక ముక్క కత్తిరించి పంపారట. "ఇది చదివి సూట్‌కేసు మళ్లీ అటక మీద పెట్టేశాను" అన్నారు. అమ్మానాన్నల అంత్యక్రియలకు తప్ప మళ్లీ రాలేదు. ఆ పేజీ ప్రింటు తీసుకుని, మడతపెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు.

ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, మార్చి 19న, లిబర్టీ హాల్ నుంచి ఫెయిర్‌వ్యూ పార్కు దాకా వందల మంది ఊరేగింపుగా నడిచారు. కార్మిక సంఘాల వాళ్లు, స్త్రీవాద సంఘాల వాళ్లు కలిశారు. అంతకుముందు ముఖం చూపించడానికే భయపడ్డవాళ్లు బ్యానర్లు పట్టుకుని పట్టపగలు వీధిలో నడిచారు. ఆ జూన్‌లో డబ్లిన్ మొదటి ప్రైడ్ ఊరేగింపు, అంటే గే, లెస్బియన్లు దాచుకోకుండా బాహాటంగా నడిచే పండుగ. ఇప్పుడు జూన్‌లో మీరు చూసే రంగుల జెండాలు, కంపెనీల బ్యానర్లు అన్నీ ఆ నడక నుంచి వచ్చినవే. మీ ఆఫీసు కూడా ప్రైడ్‌లో నడిచే ఉంటుంది. అందులో పాల్గొంటే ఫెయిర్‌వ్యూ సంగతి ఒకసారి తలుచుకోండి.

అదే ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నోరిస్ కేసును ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా కొట్టేసింది. ఐరిష్ రాజ్యాంగపు క్రైస్తవ స్వభావాన్ని ప్రధాన న్యాయమూర్తి తన తీర్పులో ఆధారంగా చూపారు. సెప్టెంబరులో గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగంలో చేర్చడానికి జనం భారీగా ఓటేశారు. ఆ ఏడాది ఎటు చూసినా ఓటమే. ఐనా ఉద్యమం నిలబడింది, ఎందుకంటే దాచుకోవడం వల్ల ప్రాణం దక్కదని తెలిసిపోయింది. 1985లో ఎయిడ్స్ భయం వచ్చినప్పుడు కరపత్రాలు అచ్చేసి, జనానికి సమాచారం అందించే పని నెత్తిన వేసుకున్నది గే సంఘాలవాళ్లే.

నోరిస్ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. బెల్‌ఫాస్ట్‌కు చెందిన జెఫ్రీ డజన్ అప్పటికే 1981లో అక్కడ బ్రిటన్ మీద గెలిచారు. దాంతో ఉత్తర ఐర్లాండ్‌లో 1982లోనే ఇది నేరం కాకుండా పోయింది. నోరిస్ 1988 అక్టోబరులో గెలిచారు, ఎనిమిది మంది ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. ఆ తర్వాత కూడా ప్రభుత్వాలు ఐదేళ్లు నాన్చాయి. ఏ పార్టీకీ బిషప్పులతో గొడవ అక్కర్లేదు.

1993లో ఏం జరిగిందో చాలామందికి తెలియదు. న్యాయశాఖ మంత్రి మోయ్రా గేగన్-క్విన్. గాల్వే వైపు గ్రామీణ నియోజకవర్గం, సంప్రదాయ పార్టీ. అధికారుల ముందు తేలిక దారి ఉంది: బ్రిటన్‌లో లాగా మగవాళ్ల మధ్య సంబంధానికి మాత్రం కనీస వయసు ఎక్కువ పెట్టడం. అక్కడ అప్పటికి గే మగవాళ్లకు 21 ఏళ్లు. గే, లెస్బియన్ సంఘాలవాళ్లు మంత్రిని కలిశారు, వాళ్లతో గే కొడుకున్న ఒక తల్లి కూడా ఉన్నారు. తల్లిగా తన బాధ చెప్పారు. ఆ మాటలు తనను కదిలించాయని మంత్రి తర్వాత బయటే చెప్పారు. చట్టంలో అందరికీ ఒకటే వయసు, 17 ఏళ్లు, పెట్టారు. జూన్‌లో దిగువ సభలో ఓటింగు కూడా అవసరం లేకుండా బిల్లు నెగ్గింది. జూలైలో సంతకం పెట్టిన దేశాధ్యక్షురాలు మేరీ రాబిన్సన్, నోరిస్ తరఫున వాదించిన న్యాయవాది.

ఇప్పుడు మీరడిగిన మతం సంగతి. చర్చి పరువు పోవడం వల్లే ఇదంతా జరిగిందని చాలామంది తేల్చేస్తారు. దాంట్లో నిజం కొంత ఉంది. 1992లో గాల్వే బిషప్ ఈమన్ కేసీకి అమెరికాలో కొడుకున్నాడని బయటపడింది. 1994లో బ్రెండన్ స్మిత్ అనే ఫాదర్ పిల్లల మీద చేసిన అఘాయిత్యాల కేసుకు ప్రభుత్వమే కూలింది. 2009లో రయన్, మర్ఫీ నివేదికలు వచ్చాక, పిల్లల విషయంలో చర్చి ఏమేం దాచిందో ఇంటింటికీ తెలిసింది. పడకగది గురించి నీతులు చెప్పే అర్హత గురువులకు పోయింది. కానీ తేదీలు చూడండి. నోరిస్ కేసు, ఫెయిర్‌వ్యూ నడక, స్ట్రాస్‌బర్గ్ తీర్పు అన్నీ ఈ కుంభకోణాలకు ముందే, చర్చి బలం శిఖరాన ఉన్నప్పుడే. చర్చి పడిపోతే ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో నిలబడి మాట్లాడే మనుషులు అప్పటికే తయారై ఉన్నారు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు గబగబా చెబుతాను. 1998లో ఉద్యోగాల్లో వివక్ష నిషేధం వచ్చింది. అందులోనే మత సంస్థలు నడిపే బడులకు, ఆసుపత్రులకు మినహాయింపు పెట్టారు. దాంతో గే టీచర్లు స్టాఫ్‌రూంలో సొంత ఇంటి సంగతి ఎత్తకుండా 2015 దాకా బిక్కుబిక్కుమంటూ గడిపారు. కెనడాలో 2003లో పెళ్లి చేసుకున్న కాథరిన్ జాపోన్, ఆన్ లూయీస్ గిల్లిగన్ తమ పెళ్లిని గుర్తించమని కోర్టుకెళ్లి 2006లో ఓడిపోయారు. 2010లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం వచ్చింది, పెళ్లి అనకుండా జంటగా నమోదు చేసుకునే ఏర్పాటు అది. 2013లో రాజ్యాంగ సదస్సు కూర్చుంది. లాటరీలాగా ఎంపికచేసిన 66 మంది మామూలు పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు. వాదనలు విని, బల్లల చుట్టూ చర్చించుకుని, 79 శాతం పెళ్లి హక్కుకు అనుకూలంగా చెప్పారు. రాజకీయ నాయకుల ధైర్యం అక్కడి నుంచి వచ్చింది.

2015 ఓటుకు నేనూ వెళ్లాను. పౌరసత్వం వచ్చింది కాబట్టి ఓటు ఉంది. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగే బృందంలో ఉన్నాను. నా ముఖం చూసి "ఇందులో నీకేం పని" అని అడిగినవాళ్లున్నారు. "మా దేశంలో ఇంకా 377 ఉంది, అందుకే" అనేదాన్ని. ఒక ఇంటి తలుపు తీసిన పెద్దావిడ వెనక గోడకు యేసు తిరుహృదయం పటం, దాని కింద చిన్న ఎర్ర దీపం. మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నట్టే ఉంది. నేను చెప్పబోయిన మాట చెప్పనివ్వలేదు. "మా అక్క కొడుకు ఇరవై ఏళ్లకు వెళ్లిపోయాడు. వాడు మంచి పిల్లాడు. నేను పూజకు వెళ్తాను, ఓటూ వేస్తాను" అని కరపత్రం తీసుకుని తలుపేసుకున్నారు. అలాంటి మాటలు గుమ్మం గుమ్మానికీ విన్నాం. ఎవరూ సిద్ధాంతం మాట్లాడలేదు. మా మనవరాలు, మా పక్కింటాయన, మా చెల్లెలు అనే మాట్లాడారు.

ఆ నెలల్లో ఇళ్లలో గుట్టు విప్పినవాళ్లకు లెక్కలేదు. ఆరోగ్యశాఖ మంత్రి లియో వరాద్కర్ జనవరిలో రేడియోలో తాను గే అని చెప్పారు. వాళ్ల నాన్న ముంబై నుంచి వచ్చిన డాక్టరు. ఆయనే 2017లో ప్రధాని అయ్యారు. డబ్లిన్‌లో ఒక ఫాదర్ పూజలో తాను గే అని చెబితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మాజీ దేశాధ్యక్షురాలు మెకలీస్ తన కొడుకు గే అని చెబుతూ ప్రచారం చేశారు. ఆమె పట్టుదలగా పూజకు వెళ్లే కాథలిక్. విదేశాల్లో ఉన్న యువతకు పోస్టల్ ఓటు లేదు కాబట్టి ఓటేయడానికి విమానాలు, పడవలు ఎక్కి వచ్చారు. వెనకటి తరాలు వెళ్లిపోయిన రేవుల్లోనే వీళ్లు దిగారు.

మే 22న 60 శాతానికి పైగా పోలింగు. 'అవును' 12,01,607 ఓట్లు, 'కాదు' 7,34,300. మొత్తం 43 నియోజకవర్గాల్లో రోస్‌కామన్–సౌత్ లైట్రిమ్ ఒక్కటే 'కాదు' అంది, అదీ స్వల్ప తేడాతో. ప్రజల ఓటుతో ఈ హక్కు ఇచ్చిన మొదటి దేశం ఇదే. విడాకుల ఓటు 1995లో 50.28 శాతంతో చావుతప్పి కన్నులొట్టపోయినట్టు నెగ్గింది. దానితో పోలిస్తే ఇది ఎంత తేడానో మీకే తెలుస్తుంది. 'కాదు' అన్న ఏడు లక్షల మందినీ ద్వేషించేవాళ్లుగా కట్టగట్టొద్దు. గుమ్మాల దగ్గర వాళ్లతోనూ మాట్లాడాను. పిల్లలకు అమ్మ, నాన్న ఇద్దరూ ఉండాలన్న నమ్మకంతో ఓటేసినవాళ్లు అందులో చాలామంది. వాళ్లలో కొందరు తర్వాత మేనల్లుళ్ల పెళ్లిళ్లకు వెళ్లి దీవించారు.

ట్రాన్స్ మనుషుల పోరాటం వేరే దారిలో నడిచింది, దాన్ని వదిలేస్తే సమాధానం సగమే అవుతుంది. డెంటిస్టు లిడియా ఫోయ్ జనన ధ్రువపత్రంలో తనను స్త్రీగా రాయమని 1993లో అడిగారు. 1997లో కోర్టుకెక్కారు, 2002లో ఓడిపోయారు, 2007లో గెలిచారు. చట్టం వచ్చేసరికి 2015 అయింది. డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేకుండా పెద్దవాళ్లు తమ మాట మీదే గుర్తింపు పొందేలా రాశారు. ఒక్క మనిషి జీవితంలో ఇరవై రెండేళ్లు దానికి పోయాయి. నా ఉద్దేశంలో పెళ్లి ఓటుకు దక్కినంత పేరు ఆమెకు దక్కాలి.

అన్నీ సర్దుకున్నాయని మాత్రం అనుకోకండి. రాత్రిపూట చేతులు పట్టుకుని నడవడానికి భయపడే జంటలు డబ్లిన్‌లో ఇప్పటికీ ఉన్నారు. పాత చట్టం కింద శిక్షపడ్డ మగవాళ్లకు 2018లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అప్పటికి వాళ్లలో చాలామంది లేరు. కాథలిక్ చర్చి బోధన మారలేదు. ఇక్కడి మన తెలుగువాళ్ల సంగతి కూడా చెబుతాను. సంక్రాంతి, బతుకమ్మ సంబరాల్లో నన్ను పక్కకు పిలిచి "మీరు లైబ్రరీలో పనిచేస్తారు కదా, దీని గురించి తెలుగులో ఏమైనా ఉందా, మా అమ్మకు పంపాలి" అని అడిగిన అబ్బాయిలు, అమ్మాయిలు ఉన్నారు. ఇక్కడ పార్ట్‌నర్‌తో ఉంటూ, ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు అతన్ని రూమ్మేట్ అని పరిచయం చేసేవాళ్లు. ఊళ్లో సంబంధాలు చూస్తున్నారని టెన్షన్ పడేవాళ్లు. మన సుప్రీంకోర్టు 2018లో నేరం కాదంది, 2023లో పెళ్లి హక్కు ఇవ్వలేనంది. 1993కీ 2015కీ మధ్య ఐర్లాండ్ ఉన్న చోటే మనం ఇప్పుడు ఉన్నాం. ఆ మధ్యకాలంలో ఇక్కడివాళ్లు ఎక్కువ భాగం చేసిన పని ఇంట్లోవాళ్లతో మాట్లాడటం. అది చిన్న పని కాదు. అందరూ చేయగలిగేదీ కాదు. చెబితే ఇంటికి వెళ్లలేని పరిస్థితి ఉన్నవాళ్లను తొందరపెట్టొద్దు.

ఇంకా తెలుసుకోవాలనుంటే కిల్డేర్ వీధిలోని నేషనల్ లైబ్రరీకి వెళ్లండి. ఈ ఉద్యమాల కాగితాలు, కరపత్రాలు, పాత పత్రికలు 2008 నుంచి అక్కడ ఐరిష్ క్వీర్ ఆర్కైవ్ పేరుతో భద్రంగా ఉన్నాయి. ఫొటో గుర్తింపు కార్డు తీసుకెళ్తే రీడర్ టికెట్ ఉచితంగా ఇస్తారు. ముందుగా ఆర్డరు పెట్టుకుంటే పెట్టెలు తెచ్చి ఇస్తారు.

పెళ్లికి తప్పకుండా వెళ్లండి. చర్చిలో జరగదు, కాథలిక్ చర్చిలో ఈ పెళ్లి చేయరు. ఏదో హోటల్లో రిజిస్ట్రార్ ముందో, వేరే అధికారిక నిర్వాహకుల ముందో జరుగుతుంది. వాళ్లమ్మగారికి ఆ ఒక్క లోటు మనసులో ఉండొచ్చు, కాబట్టి "చర్చిలో ఎందుకు పెట్టుకోలేదు" అని అడక్కండి. అబ్బాయి పెళ్లికి అభినందనలు చెప్పండి, చాలా సంతోషిస్తారు. సూటు వేసుకోండి. బహుమతిగా ఇక్కడ ఎక్కువమంది గ్రీటింగ్ కార్డులో డబ్బు పెట్టి ఇస్తారు. కార్డు మీద ఇద్దరి పేర్లూ రాయండి.